టారంటులాలు: అపోహలు, వాస్తవాలు, నా తప్పులు కొన్ని

మొన్న వర్షాకాలంలో రాయగడలో మా వీధి చివర ఎండిపోయిన పనసచెట్టును కొట్టేశారు. తొర్రలోంచి అరచేయంత సాలీడు బయటికొచ్చింది. నేను వెళ్లేసరికి ఒకరి చేతిలో చీపురు, మరొకరి చేతిలో కిరోసిన్ డబ్బా. "బుఢియాణి, బుఢియాణి" (సాలీడు, సాలీడు) అని ఒడియాలో పిల్లల కేకలు. "నాయనా, అది ఊపిరి వదిలితే చాలట, ఒళ్లంతా విషమేనట" అని ఎదురింటి మామ్మగారు దూరం నుంచే హెచ్చరించారు. నేను వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద అట్టముక్క జరిపి పట్టుకున్నాను. అది బెదిరింపుగా ముందు కాళ్లు పైకెత్తితే అడుగున పసుపు, నలుపు పట్టీలు కనిపించాయి. టారంటులాలనే పెద్ద బొచ్చు సాలీళ్లలో, చెట్లపై బతికే పొయెసిలోథీరియా ప్రజాతిది. అటవీ సిబ్బందికి చెప్పి, ఊరి బయట చింతచెట్టు తొర్ర దగ్గర వదిలిపెట్టాం.

ఆ సాయంత్రమే ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. "అన్నయ్యా, మాకు ఇచ్చి ఉంటే పెంచుకునేవాళ్లం కదా!" అన్నారు. పొద్దున చంపుతామన్నవాళ్లకూ సాయంత్రం పెంచుతామన్నవాళ్లకూ ఆ జీవి గురించి తెలిసింది దాదాపు ఒక్కటే. బ్రిటన్‌లో ఒక జంతుప్రదర్శనశాలలో పదకొండేళ్లు సాలీళ్ల గది చూసుకున్నవాణ్ణి కాబట్టి రెండు వర్గాలకూ కలిపి రాస్తున్నాను.

అపోహ: కరిస్తే మనిషి బతకడు.

టారంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన సంఘటన ఒక్కటీ లేదు. అసలు ఆ పేరే అరువు పేరు. ఇటలీలోని టరాంటో పట్టణ ప్రాంతంలో ఒక సాలీడు కరిస్తే ఒళ్లు మరిచి నాట్యం చేస్తేనే విషం దిగుతుందని పూర్వం నమ్మేవారు. ఆ సాలీడు వేరే కుటుంబానిది, తోడేలు సాలీడు. పేరు మాత్రం తర్వాత ఈ బొచ్చు సాలీళ్లకు అంటుకుంది.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. అమెరికా ఖండాల టారంటులాల్లో చాలావాటికి పొట్టమీద దురద వెంట్రుకలుంటాయి. భయం వేస్తే వెనక కాళ్లతో వాటిని రాల్చి గాలిలోకి వదులుతాయి. దూలగొండి కాయ తగిలినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి చేతి తొడుగు లేకుండా మెక్సికో ఎర్రమోకాళ్ల సాలీడు పెట్టె శుభ్రం చేసి మూడు రోజులు మణికట్టు గోక్కున్నాను. కంట్లో పడితే మాత్రం నలపకుండా కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సిందే. మన దేశపు జాతులకు ఆ వెంట్రుకలు లేవు. అందుకే అవి పరుగునూ కోరలనూ నమ్ముకుంటాయి. పొయెసిలోథీరియా కరిస్తే ప్రాణం పోదు గానీ కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. దాన్ని అరచేతిలో పెట్టుకుని వీడియో తీసేవాళ్లు ధైర్యవంతులేమీ కారు.

అపోహ: సాలీడు పాకితే ఒంటిమీద పొక్కులు లేస్తాయి.

వానాకాలంలో దీపాల దగ్గరకు చేరే సన్నటి ఎర్ర-నలుపు పురుగు, పెడెరస్, ఒంటిమీద నలిగితే దాని రసానికి చారలుగా పొక్కులు వస్తాయి. సర్పి అయితే వైరస్ వల్ల వస్తుంది. రెండింటి నేరమూ గోడమీది సాలీడు మోస్తోంది.

అపోహ: వెల్లకిలా పడితే చచ్చినట్టే.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. చనిపోయే సాలీడు సాధారణంగా కాళ్లు కడుపు కిందకు ముడుచుకుని బోర్లానే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నది కుబుసం విడుస్తోంది. కొన్ని రోజుల ముందు నుంచే తిండి మానేస్తుంది, పొట్ట నల్లబడుతుంది. తర్వాత నేలమీద పట్టుపరుపు లాంటిది అల్లుకుని దానిమీద తిరగబడుతుంది. తల పైపెంకు డబ్బా మూతలా ఊడుతుంది. ఆపైన బిగుతు తొడుగులోంచి వేళ్లు లాగినట్టు ఎనిమిది కాళ్లూ కొద్దికొద్దిగా, ఆగి ఆగి, బయటికి జారుతాయి. పెద్ద సాలీడుకు గంటలు పడుతుంది. కోరలు, కడుపు లోపలి పొర కూడా పాతవి పోయి కొత్తవి వస్తాయి. ఊడిన కాలు ఉంటే మళ్లీ మొలుస్తుంది. ఆ సమయంలో జాలిపడి పుల్లతో తిరగేశారో, అప్పుడు నిజంగానే చస్తుంది.

కొత్త కోరలు ముందు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడేదాకా తిండి వేయకూడదు. పెట్టెలో మిగిలిన కీచురాయి ఆ మెత్తని ఒంటిని కొరికేయగలదు. విడిచిన కుబుసాన్ని పారేయకండి. సబ్బు చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి పొట్టభాగం విప్పి చూస్తే ఆడా మగా తెలుస్తుంది. ఇది తెలుసుకోదగ్గ విషయమే. ఎర్రమోకాళ్ల ఆడది ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది, మగది పెద్దదయ్యాక ఒకటి రెండేళ్లు ఉంటే గొప్ప.

అపోహ: పెట్టె ఎంత పెద్దదైతే అంత సుఖం.

పనిలో చేరిన తొలి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. నేలమీద బతికే ఒక సాలీడుకు రెండడుగుల ఎత్తు గాజుపెట్టె, లోపల రాళ్లు, కొమ్మలు, చూడముచ్చటగా అమర్చాను. అది రాత్రి గాజు ఎక్కి, జారి రాయిమీద పడింది. టారంటులా పొట్ట నీళ్లు నింపిన బుడగ లాంటిది. చిట్లితే ఇక ఏమీ చేయలేం. తెల్లారి చూసిన ఆ తడి మరక ఇప్పటికీ గుర్తుంది.

నేల జాతులకు మట్టి నుంచి మూత వరకు ఉన్న ఎత్తు, సాలీడు కాళ్లు చాపిన వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మిగతా లోతంతా కొబ్బరిపొట్టు కలిపిన మట్టి గట్టిగా నొక్కి నింపాలి, అది బొరియ తవ్వుకుంటుంది. దాక్కోవడానికి ఒక బెరడు ముక్క చాలు. చెట్టు జాతులకు మాత్రం ఎత్తు కావాలి, నిలువుగా ఆనించిన బోలు బెరడు కావాలి. మూతకు తీగజాలీ వద్దు, కాలిగోళ్లు ఇరుక్కుంటాయి. పక్కలకు చిన్న రంధ్రాలు పొడవండి. ఒక పెట్టెలో రెండింటిని పెడితే కొన్నాళ్లకు ఒక్కటే మిగులుతుంది, కాస్త లావెక్కి.

వేడి దీపాలు, నీళ్ల గిన్నెలో స్పాంజి అనేవి అమ్మేవాళ్ల సంతోషం కోసమే. స్పాంజిలో పెరిగేవి సూక్ష్మక్రిములు. పలుచటి మూకుడులో మంచినీళ్లు పెడితే అది మునిగిపోదు. మేలో 40 డిగ్రీల ఎండలు కాసే రాయగడలో, గుణుపురంలో వెచ్చదనం కొనుక్కోవాలా? ఇక్కడ కష్టమంతా పెట్టెను చల్లగా ఉంచడమే.

అపోహ: పొలంలో దొరికే మిడతలే సహజమైన ఆహారం.

మన చుట్టుపక్కల పత్తి చేలు ఎన్నో, వాటిలో మందు కొట్టే రోజులెన్నో లెక్కవేసుకోండి. ఆ మిడత తిన్న సాలీడు కాళ్లు వణికి, తడబడి చస్తుంది. ఇంట్లో పెంచిన కీచురాళ్లో బొద్దింకలో వారానికి ఒకటి చాలు. పెద్దవి నెలల తరబడి తినకపోయినా కంగారు పడనక్కర్లేదు, పొట్ట నిండుగా ఉంటే సరి. అది మిమ్మల్ని గుర్తుపట్టి మచ్చికవుతుందా అంటారా? కాదు. మీ చెయ్యి దానికి ఒక కదిలే నేల, అంతే.

అపోహ: మన అడవిలోదే కదా, పట్టి తెచ్చుకుంటే తప్పేముంది?

గుత్తి నీలం సాలీడు సంగతి చెబుతాను, అదీ పొయెసిలోథీరియానే. 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒకే ఒక నమూనా ఆధారంగా దానికి పేరు పెట్టాడు. అది కలపతో పాటు రైలెక్కి అక్కడికి వచ్చి ఉంటుందని అంచనా. దాని అసలు ఇల్లు నంద్యాల-గిద్దలూరు మధ్య అడవి అని 2001లో గానీ తేలలేదు. ఆ చిన్న అడవి తప్ప దానికి దిక్కులేదు. 2008లో అది తీవ్ర ముప్పులో ఉన్న జీవుల పట్టికకు ఎక్కింది. అందంగా ఉండటమే దాని ఖర్మ, విదేశీ పెంపకందారుల మోజు అంతటిది.

పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తం 2019లో సైటిస్ ఒప్పందం (ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది) రెండో అనుబంధంలో చేరింది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో జరిగిన సవరణ, ఆ తర్వాత 2024లో వచ్చిన నియమాల ప్రకారం సైటిస్ జాబితా జీవిని దగ్గర ఉంచుకున్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. తొర్రలోంచి లాక్కొచ్చినదాన్ని సక్రమం చేసుకోవడానికి పెట్టిన దారి కాదది.

కుర్రాళ్లకు ఇదంతా చెబితే ఇద్దరు ఆవలించారు. మూడోవాడు మాత్రం రెండు వారాల తర్వాత రాత్రి తొమ్మిదింటికి నాకొక ఫొటో పంపాడు. టార్చి వెలుగులో చింతచెట్టు తొర్ర, అంచు బయటికి చాచిన రెండు ముందు కాళ్లు. "అన్నయ్యా, అదేనా?" అని అడిగాడు.