అరవై వేల గొంతుల్లో ఒక గొంతు

మా మేనల్లుడు లివర్‌పూల్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఫీజు కోసం పడ్డ తిప్పలు వాళ్ల నాన్నకు తెలుసు. ఫుట్‌బాల్ టికెట్ కోసం పడ్డ తిప్పలు నాకొక్కడికే తెలుసు. మొత్తానికి దొరికింది. లివర్‌పూల్ జట్టు సొంతగడ్డ ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్, అవతల మాంచెస్టర్ సిటీ. ఇంకా పది రోజులుంది, వాడికి అప్పుడే నిద్ర కరువైంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, నిజం చెప్పు. అరవై వేలమందిలో నేనొక్కణ్ని అరిస్తే ఏమైనా తేడా ఉంటుందా?" అని అడిగాడు.

అడగడానికి చిన్న ప్రశ్నే. నాకు రెండు రోజులు పట్టింది.

ముందు ఇంకో సంగతి. వాడి దగ్గర ఒక ఎర్ర జెర్సీ ఉంది. పోయినసారి గెలిచినప్పటి నుంచి ఉతకలేదట. నవ్వడానికి నాకు మొహం చెల్లదు. మా ఇంట్లో క్రికెట్ చివరి ఓవర్లలో ఎవరు ఏ కుర్చీలో ఉంటే ఆ కుర్చీలోనే ఉండాలి, మంచినీళ్లకు లేచినా మా ఆవిడ ఊరుకోదు. జెర్సీ మైల బంతిని కదిలించదు. అరుపు సంగతి వేరు. అది గాలిలో ప్రయాణించి మనిషి చెవిలోకి వెళుతుంది.

జనం అరుపుకి అసలు విలువ ఉందా అనేది కరోనా కాలంలో, ఎవరూ కోరుకోకుండానే, ప్రయోగంలా జరిగిపోయింది. 2020-21 ప్రీమియర్ లీగ్ సీజన్ కొన్ని మ్యాచ్‌లు తప్ప ఖాళీ స్టేడియంలలోనే సాగింది. 380 మ్యాచ్‌లలో ఆతిథ్య జట్లు గెలిచినవి 144, వచ్చినవాళ్లు గెలిచినవి 153. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో అలా తిరగబడటం అదే మొదలు. ఆన్‌ఫీల్డ్‌లో వరసగా 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి ఎరగని లివర్‌పూల్ ఆ ఏడాది అక్కడే వరసగా ఆరు ఓడింది. అందులో ఒకటి సిటీ చేతిలో 4-1. అక్కడ గెలవడం సిటీకి 2003 తరవాత అదే మొదటిసారి. అయితే వాన్ డైక్‌తో సహా లివర్‌పూల్ డిఫెండర్లు గాయాలతో కూర్చున్నారు కాబట్టి నెపమంతా ఖాళీ కుర్చీల మీదికి నెట్టేయలేం. వచ్చిన జట్టు ప్రయాణ బడలికతో ఓడుతుందనే వాదన మాత్రం ఇక్కడ చెల్లదు. మాంచెస్టర్ నుంచి లివర్‌పూల్ అంటే హైదరాబాద్ నుంచి భువనగిరి వెళ్లొచ్చినట్టే.

ఇప్పుడు వాడి గొంతు దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన లెక్క ఇదే.

గట్టిగా అరిచే మనిషికి మీటరు దూరంలో శబ్దం సుమారు 90 డెసిబెల్స్. దూరం పదింతలైన ప్రతిసారీ 20 తగ్గుతుంది. వంద మీటర్ల దూరంలో, అంటే మైదానం మధ్యలో నిలబడ్డ రిఫరీకి కాస్త ఎక్కువే వేసుకుందాం, 50 మిగులుతుంది. ఇంట్లో ఇద్దరు మాట్లాడుకునే శబ్దం కన్నా తక్కువ. మరి అలాంటివాళ్లు అరవై వేలమంది అయితే? 50ని అరవై వేలతో గుణించకూడదు. డెసిబెల్ లాగరిథమ్ బిడ్డ, శబ్దం ఎన్ని రెట్లైందన్నది అక్కడ కూడికగా మారిపోతుంది. అరవై వేలకి లాగ్ 4.78, దాన్ని పదితో గుణిస్తే 47.8. ఆ 50కి ఇది కూడితే సుమారు 98 డెసిబెల్స్. పైకప్పు తిప్పికొట్టేది కూడా వేసుకుంటే వంద దాటుతుంది. పెద్ద స్టేడియంలలో కొలిస్తే వచ్చేవి ఇంచుమించు ఈ అంకెలే. చిత్తుకాగితం మీద వేసిన లెక్క ఇంత దగ్గరికి వచ్చేసరికి ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ఇంటర్లో లాగ్ టేబుల్స్ పట్టుకుని మాంటిస్సా, క్యారెక్టరిస్టిక్ అంటూ వల్లె వేశాం. మన చెవి కూడా దాదాపు ఆ పట్టిక ప్రకారమే వింటుందని ఒక్క లెక్చరరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో పది మార్కులు తెచ్చుకునేవాణ్నేమో.

సరే, అరవై వేలమంది అరుస్తున్న చోటికి మావాడు కొత్తగా చేరాడు. పెరిగేది 0.00007 డెసిబెల్. మనిషి చెవి పసిగట్టాలంటే ఇంచుమించు ఒక డెసిబెల్ తేడా ఉండాలి. ఆ ఒక్కటి పెరగాలంటే నూటికి 26 మంది, అంటే పదిహేను వేల పైచిలుకు జనం అదనంగా రావాలి. జనం రెట్టింపైతే పెరిగేది మూడే. రెండింతలు బిగ్గరగా అనిపించాలంటే పదింతలు జనం కావాలి. ఇదే లెక్క తిరగేస్తే ఇంకో చిత్రం. వచ్చిన జట్టు అభిమానులు ఓ మూలన మూడు వేలమంది ఉంటారు, మనవాళ్లలో ఇరవయ్యో వంతు. వాళ్ల శబ్దం మనకన్నా 13 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. చెవికి ఇరవయ్యో వంతులా కాదు, మన హోరులో ఐదింట రెండు వంతుల్లా వినిపిస్తుంది. "వాళ్లు గుప్పెడుమందే, ఇంత గోల ఎలా చేస్తున్నారు?" అని టీవీ ముందు ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇది. సగం జవాబు.

మిగతా సగం మా ఊరి రామాలయంలో ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున నగర సంకీర్తన బయల్దేరేది. ముందు హార్మోనియం, మృదంగం, వెనక పెద్దలు, అట్టడుగున తాళాలు పట్టుకుని మేం. ముందున్న గురువుగారు రోజూ వెనక్కి తిరిగి "తాళం తప్పుతోంది వెధవల్లారా" అనేవారు. ఇన్నేళ్లకి నా తరఫు వాదన వినిపిస్తాను. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. వరస 40 మీటర్లు సాగితే ఆయన మృదంగం మా దాకా రావడానికి సెకనులో ఎనిమిదో వంతు, మా తాళం తిరిగి ఆయన దాకా పోవడానికి మరో ఎనిమిదో వంతు. మేం సరిగ్గానే కొట్టాం. ఆయన చెవికి పావు సెకను ఆలస్యంగా చేరింది. సంగీతం వాయించేవాళ్లకు సెకనులో ముప్పయ్యో వంతు తేడా కూడా ఇబ్బందే, పావు సెకనంటే ఇక తిట్లే.

ఆన్‌ఫీల్డ్‌లో ఒక కొసన 'కాప్' అనే పెద్ద స్టాండు. అక్కడ ఎత్తుకున్న పాట అవతలి కొసకి, నూటయాభై మీటర్లు దాటి చేరేసరికి దాదాపు 0.44 సెకను. సెకనుకు రెండు చప్పట్లు పడే పాటలో అది ఇంచుమించు ఒక చప్పట్టు వెనకబాటు. స్టేడియమంతా కలిసి పాడితే మాటలు ముద్దైపోయి హోరు మిగులుతుంది. ఓ మూలన దగ్గరదగ్గరగా నిలబడ్డ మూడు వేలమంది పాటలో మాటలు విడివిడిగా తెలుస్తాయి. కాప్ పాటలకు అంత పేరు రావడానికి వాళ్ల భక్తి ఒక్కటే కారణం కాదు, అందరూ ఒకే గట్టు మీద ఉండటం కూడా. భజన బృందం చాప చుట్టూ ముడుచుకుని కూర్చునేదీ అందుకే.

ఈ హోరు గోల్ కొట్టదు. అది పనిచేసే చోట్లలో నాకు అన్నిటికన్నా నచ్చినది రిఫరీ చెవి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో నెవిల్, బామర్, విలియమ్స్ అనే పరిశోధకులు 40 మంది అర్హత ఉన్న రిఫరీలకు ఒక మ్యాచ్‌లోని 47 టాకిల్స్, అంటే అవతలివాడి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కునే ప్రయత్నాలు, వీడియోలో చూపించారు. కొందరికి జనం శబ్దంతో, కొందరికి శబ్దం తీసేసి. శబ్దం విన్నవాళ్లు ఆతిథ్య జట్టు మీద ఇచ్చిన ఫౌల్స్ 15.5 శాతం తక్కువ. వాళ్లు చూసింది లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ అని చెబితే మావాడు ఫోన్‌లోనే ఈల వేశాడు. రిఫరీ అమ్ముడుపోయాడని దీనికి అర్థం కాదు. ఫౌలా కాదా అనే సందేహం మెదిలిన అర సెకనులో ఎటు మొగ్గాలో మెదడు చుట్టూ వెతుక్కుంటుంది, అప్పుడు దొరికేది జనం గొంతే. వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి, వచ్చాక కొన్ని నిర్ణయాలు లండన్ దగ్గర స్టాక్లీ పార్క్‌లోని గదికి పోతున్నాయి. ఆ గదిలో కాప్ వినపడదు.

అంటే తేడా తెచ్చేది శబ్దం ఎంత అన్నది కాదు, ఎప్పుడు ఒక్కసారిగా లేచింది అన్నది. ఇక్కడ మావాడికి ఆశ ఉంది. స్టేడియంలో జనం వరసగా లేచి కూర్చుంటే అలలా తిరిగే మెక్సికన్ వేవ్ మీద ఫర్కాష్, హెల్బింగ్, విచెక్ అనే పరిశోధకులు 2002లోనే 'నేచర్' పత్రికలో రాశారు. అల సెకనుకు 12 మీటర్ల వేగంతో, ఇరవై సీట్లు దాటుకుంటూ పోతుంది. ఎండిన అడవిలో నిప్పు పాకే తీరుకి, గుండె కండరంలో విద్యుత్ పాకే తీరుకి వాడే నమూనాతోనే లెక్క సరిపోయింది. ఒక్కడు లేస్తే ఏమీ కాదు, పక్కవాడు వింతగా చూస్తాడు. దాదాపు ముప్పైమంది కలిసి లేస్తే యాభై వేలమందీ లేస్తారు. అరుపుకీ ఇదే వర్తిస్తుందనేది నా ఊహ మాత్రమే. అయినా ముప్పైలో ఒకడివంటే అరవై వేలలో ఒకడివనడం కన్నా గౌరవంగానే ఉంది కదా.

"అయితే ఇంకో ఇరవైతొమ్మిదిమందిని వెతకాలి" అన్నాడు.

"ముందు ఇయర్ ప్లగ్స్ వెతుక్కో అల్లుడూ" అన్నాను. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చనేది అమెరికాలో పని చోట్లకు సిఫారసు చేసిన హద్దు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. వందకు వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలే. దూది పెట్టుకుంటే పెద్దగా ఆగదు, నురగ ప్లగ్సే కావాలి.

"గోల్ పడ్డప్పుడు తీసెయ్యొచ్చా?" అని అడిగాడు.

పెట్టుకోమన్నదే అప్పటి కోసంరా అన్నాను.