పసుపు రాస్‌బెర్రీ గురించి మా పిల్లలకు

సునాబెడ, కోరాపుట్ జిల్లా

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. పోయిన వేసవి సెలవుల్లో మా పెరట్లో మీరు పోటీపడి కోసుకున్న పసుపు పళ్ల మొక్కను మీ ఇళ్ల దగ్గర ఎలా పెంచాలో రాయమని అడిగారు. చల్లటి కొండల్లోని పొట్టంగిలో ఉన్న వాళ్లకూ, వేడి ఎక్కువుండే రాయగడలో ఉన్న వాళ్లకూ ఒకే జవాబు చెల్లదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

పసుపు రాస్‌బెర్రీ అన్న పేరుతో రెండు వేరు వేరు మొక్కలున్నాయి. ఒకటి చలిదేశాలలో పెరిగే ఎర్ర రాస్‌బెర్రీలోనే ఒక రకం. పండుకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం అందులో సరిగా తయారు కాదు కాబట్టి అది పండినా పసుపుగానే ఉంటుంది. రెండోది మన హిమాలయాల మొక్క. కుమావూఁ ప్రాంతం వాళ్లు దీన్ని హిసాలు అంటారు, నేపాల్‌లో ఐంసేలు అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు రూబస్ ఎలిప్టికస్. 1815లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. మా పెరట్లో ఉన్నది ఈ రెండోదే. ఒక్కో రెమ్మకు మూడేసి ఆకులు, ఆకు అడుగున తెల్లటి నూగు, కాడ పొడవునా వంకర ముళ్లతో పాటు ఎర్రటి వెంట్రుకలు ఉంటే అది హిసాలు అని గుర్తుపట్టవచ్చు. రెండూ గులాబీ కుటుంబానికి చెందినవే.

ఎర్ర రాస్‌బెర్రీ జాతి మొక్కలు చాలావాటికి చలికాలంలో ఏడు డిగ్రీల దాపు చలి వందల గంటల పాటు తగిలితేనే మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసపు రాత్రులు ఇక్కడ వణికిస్తాయి, నిజమే, కానీ పగటి ఎండకు ఆ చలి నిలవదు. అందువల్ల హిమాలయాల దిగువ కొండల్లో కూడా కాసే హిసాలే మనకు నయం. పొట్టంగి పిల్లలు నిస్సందేహంగా వేసుకోవచ్చు. రాయగడ పిల్లలకు మాత్రం ఉన్న మాట చెప్పాలి: మీ ఊరి వేసవి వేడికి ఇది తట్టుకోదు. ఫోనులో పసుపు పండు బొమ్మ చూపించి అమ్మే మొక్కలకు మీ నాన్నగారి చేత డబ్బు ఖర్చు చేయించకండి. మీ పెరట్లో సీతాఫలమో, జామో పెడితే ఎంతో సంతోషంగా కాస్తుంది.

నేల గురించి పెద్దగా దిగులు పడనక్కర్లేదు. మన ఎర్రమట్టికి కొద్దిపాటి పులుపు గుణం ఉంటుంది, ఈ మొక్కకు అది ఇష్టమే. దిగులంతా నీటి గురించే. మేము మొదట పెట్టిన మొక్క శ్రావణమాసంలో ఆకులన్నీ వేలాడేసింది. నీళ్లు చాలలేదేమోనని నేను ఇంకో రెండు చెంబులు పోశాను. నాలుగు రోజుల తర్వాత తవ్వి చూస్తే వేర్లు నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే పైతొక్క ఊడి వచ్చింది. వాననీరు నిలిచిన చోట వేర్లకు గాలి అందదు, ఆపైన కుళ్లు తెగులు పడుతుంది. అందుకే రెండోసారి మూరెడు ఎత్తు బోదె పోసి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, బోదె మీద పెట్టాను. వేసవిలో వేర్ల దగ్గర చల్లగా ఉండడానికి మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచాను. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటైతే మరీ మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మొక్కకు వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది కానీ కాడ రెండేళ్లే బతుకుతుంది. నేలలోంచి పిలకగా లేచిన కాడ మొదటి ఏడాది పొడుగ్గా పెరగడంతోనే సరిపెడుతుంది. రెండో ఏడాది ఆ కాడకే పక్కరెమ్మలు వచ్చి, వాటికి తెల్లటి పూలు పూసి, పళ్లు కాస్తాయి. కాపు అయ్యాక ఆ కాడ ఎండిపోతుంది. అదే సమయంలో పక్కన కొత్త పిలకలు లేస్తూ ఉంటాయి. ఇది తెలియక నేను ఒక సంక్రాంతి ముందు పెరడు శుభ్రం చేస్తూ, అడ్డదిడ్డంగా ఉన్నాయని కాడలన్నీ మొదలంటా నరికేశాను. ఆ వేసవిలో పొద చక్కగా పచ్చగా పెరిగింది, ఒక్క పండు కాయలేదు. నేను నరికినవన్నీ ఆ ఏడాది కాయవలసిన కాడలే. అప్పటి నుంచి కొత్త పిలక జానెడు పెరగగానే దానికి పాత చీర అంచు పీలిక కడుతున్నాను. ఏటికొక రంగు. పళ్లు అయిపోయాక కత్తెర పట్టుకుని వెళ్తే ఏ రంగు పీలిక ఉన్న కాడను కోయాలో వెతుక్కునే పని ఉండదు. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోకుండా మాత్రం దాని దగ్గరికి వెళ్లకండి, కాడలు విడివిడిగా నిలవడానికి దడి కూడా కట్టండి.

పండు కోసే పద్ధతి మీకు తెలిసిందే అయినా, పోయినసారి చిన్నవాడు పుల్లటివి కోసి ముఖం ముడుచుకున్నాడు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. రంగు చూసి కోయకండి. పండును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే, మాగినదైతే తనంతట తానే జారి చేతిలోకి వస్తుంది, లోపలి తెల్లటి బొడిపె కొమ్మకే ఉండిపోతుంది. చేతిలోని పండు బోలుగా, చిటికెన వేలి కొసకు టోపీలా పెట్టుకునేటట్టు ఉంటుంది. బొడిపె వదలకపోతే ఇంకా రెండు రోజులు ఆగాలి. బ్లాక్‌బెర్రీకీ దీనికీ తేడా ఇక్కడే, దాని బొడిపె పండుతో పాటే వచ్చేస్తుంది. కోసినవి అదే పూట తినేయాలి, మరునాటికి నీరుకారిపోతాయి.

పికిలి పిట్టలు మన కంటే ముందే లేస్తాయి కాబట్టి వల కప్పుతాను. వల మన పళ్ల కోసమే కాదు. పిట్టలు తిన్న గింజలు ఎక్కడెక్కడో పడి మొలుస్తాయి. పళ్ల కోసమని హవాయి దీవులకు తీసుకువెళ్లిన ఈ మొక్కే అక్కడి అడవుల్లోకి పాకి, స్థానిక మొక్కలను తొక్కేసింది. ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల పట్టికలో దీని పేరు ఉంది. పొట్టంగి పిల్లలారా, మీ ఇంటి వెనక నుంచే దేవమాలి కొండల దారి మొదలవుతుంది కదా! కోసిన పిలకలను గెడ్డ గట్టున పారేయకండి, ఎండబెట్టి పొయ్యిలో పెట్టేయండి. అడిగిన వాళ్లందరికీ మొక్కలు పంచకండి, వల కప్పుతామని మాట ఇచ్చిన వాళ్లకే ఇవ్వండి.

మీ కోసం ఈ వానల్లో రెండు కాడల కొసలను వంచి, కుండీల మట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టాను. దసరా సెలవుల నాటికి వేర్లు పట్టి ఉంటాయి. వచ్చేటప్పుడు గోనెసంచులు రెండు తెచ్చుకోండి. బస్సులో ముళ్లు పక్కవాళ్లకు గుచ్చుకోకుండా కుండీలను వాటిలో చుట్టి ఇస్తాను.

మీ అమ్మమ్మ