వాన తగ్గకుండానే ఎండిన అర్కావతి

హిందూపురం నుండి వచ్చి యలహంకలో స్థిరపడిన ఒక పాఠకుడు ఇలా అడిగారు: "దొడ్డబళ్ళాపురం మీదుగా ఊరికి వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. వానలు బాగా పడిన ఏడు కూడా అర్కావతిలో నీళ్ళు కనిపించవు. పడిన వానంతా ఏమవుతోందండీ?"

నంది కొండల్లో పుట్టి, సుమారు 190 కిలోమీటర్లు పారి, కనకపుర దాటాక సంగమ వద్ద కావేరిలో కలిసే ఈ నదిపై 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయాలు కట్టి బెంగళూరుకు తాగునీరు అందించారు. 1974లో కావేరి నీరు వచ్చింది. ఆ తర్వాత తిప్పగొండనహళ్ళికి చేరే నీరు ఏటికేడు తగ్గి, 2012 నాటికి అక్కడి నుండి నగరానికి సరఫరా నిలిచిపోయింది. 2015లో బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ అధ్యయన సంస్థ పరిశోధకులు ఈ క్షీణతకు కారణం కాగల అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వర్షపాతం తగ్గడం గానీ ఎండ పెరగడం గానీ దీనికి కారణం కాదనీ, భూగర్భ జలాలను తోడేయడం, నీలగిరి తోటలు ప్రధాన కారణాలనీ తేల్చారు.

బోరు తోడితే నది ఎలా ఎండుతుందన్నదే నన్ను ఎంతగానో ఆకర్షించే విషయం. నదిలోకి నీరు రెండు దారుల్లో వస్తుంది. వాన పడుతుండగానే నేల మీదుగా వచ్చే వరద ఒకటి; వాన వెలిసిన తర్వాత నెలల తరబడి నేలలోంచి ఊరే నీరు రెండవది. ఈ రెండవదానిని మూల ప్రవాహం అంటారు. బడి పుస్తకాల్లోని జలచక్రం బొమ్మలో కొండ మీద వాన పడి నదిగా మారుతుందే తప్ప, నేలలోంచి నదికి వచ్చే బాణం గుర్తు చాలాసార్లు కనిపించదు. ఆ ఒక్క గీత లేకపోవడం వల్ల పెద్దయ్యాక కూడా మనకు ఈ సంబంధం తట్టదు.

ఇల్లు కడుతున్న చోట రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పను, రాత్రి గట్టి వాన పడిన మర్నాడు గమనించండి. పైభాగం ఎండకు తెల్లబడినా అడుగు అంచు నుండి సన్నని నీటి పాయ సాగుతూనే ఉంటుంది. కుప్ప లోపలి నీటిమట్టం అంచుకన్నా ఎత్తుగా ఉన్నంతసేపే ఆ పాయ ఉంటుంది. లోపల మిగిలిన నీరు తగ్గే కొద్దీ ధార కూడా అదే నిష్పత్తిలో సన్నబడుతుంది కనుక, మొదట వేగంగా తగ్గి, ఆపైన నెమ్మదిగా, చాలాసేపు కొనసాగుతుంది. ఇప్పుడు కుప్ప నడుమ గొట్టం దింపి నీరు తోడామనుకోండి. ఇసుక ఇంకా తడిగానే ఉన్నా పాయ ఆగిపోతుంది. మరోసారి వాన పడితే ఆ నీరు ముందుగా లోపలి లోటును పూడ్చాలి. అంచుకు ఏమీ చేరదు. అంచున బిందెడు నీళ్ళు పోసినా కుప్పే పీల్చుకుంటుంది. ఒకే రకం నేలలో నీరు ఎటు పోవాలో, ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేది మట్టాల మధ్య వాలేనని 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ ప్రకటించిన సూత్రం చెబుతుంది. వాలు తిరగబడితే నదే నేలకు నీరిచ్చేదిగా మారుతుంది. నది అడుగుకూ జలమట్టానికీ నడుమ తగినంత పొడి పొర ఏర్పడిన తర్వాత, మట్టం ఇంకా దిగినా నది కోల్పోయే వేగం పెద్దగా పెరగదు, లోటు మాత్రం లోతుగా పెరుగుతూ పోతుంది.

ఆ లోటు ఎంతో లెక్క వేద్దాం. ఇక్కడి నేల కింద ఉన్నది గట్టి నైస్ శిల. దాని పైన, రాయి చివికి ఏర్పడిన శిథిల పొర నుండి తోడుకోగలిగిన నీరు ఘనపరిమాణంలో 2 శాతం అనుకుందాం. జలమట్టం 30 మీటర్లు దిగి ఉంటే, దానిని తిరిగి నింపడానికి 600 మిల్లీమీటర్ల నీరు నేలలోకి ఇంకాలి. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడి అందులో పదో వంతు ఇంకితే, ఒక్క బోరు కూడా తోడకపోయినా ఏడాదికి 4 మీటర్లే పైకి వస్తుంది. అంటే నదికి నీరు తగలడానికి ఏడేళ్ళు దాటుతుంది. ఒక్క మంచి వానాకాలం చాలకపోవడానికి కారణం ఇదే. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట బోరు వేయించే నమ్మకం మన పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. శిథిల పొర తడిగా ఉన్న రోజుల్లో ఎక్కడ తవ్వినా నీరు పడేది కనుక కాయకు పేరు వచ్చింది. లోతైన రాతి పగుళ్ళ కోసం వెతికే నేటి రైతుకు ఆ నమ్మకం అప్పులే మిగులుస్తుంది.

నీలగిరి వేళ్ళు లోతుకు దిగి, ఇంకవలసిన తేమను దారిలోనే తాగేస్తాయి.

దిగువన కథ వేరు. బసవనగుడి ప్రాంతంలో పుట్టే వృషభావతి అనే ఉపనది ఏడాది పొడుగునా పారుతూ అర్కావతిలో కలుస్తుంది. అయితే అది ఊట కాదు. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి ఎత్తిపోసిన కావేరి నీరు, మన వంటిళ్ళు, స్నానాల గదులు దాటి మురుగుగా మారి వస్తున్నది. బిడది దగ్గర బైరమంగల చెరువు కింద రైతులు ఆ నీటితోనే పశుగ్రాసం, బేబీ కార్న్, మల్బరీ పండిస్తున్నారు. ఎండని ప్రవాహం వారికి అవసరమే, కానీ అందులోని కాలుష్యాన్ని భరిస్తున్నదీ వారే. కాబట్టి దిగువన నీరు పారుతోందని అర్కావతి కోలుకుందనుకోకూడదు. కొలత హెసరఘట్టకు ఎగువన, జనవరి నుండి మార్చి వరకు, వాన లేని నెలల్లో, చుట్టుపక్కల బావుల నీటిమట్టాలతో కలిపి తీసుకోవాలి.