గుళికల గొంతుకు అడ్డుపడే లోహం

ముడిచమురును స్వేదనం చేసి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసుకున్నాక అడుగున నల్లటి జిగట ముద్ద మిగులుతుంది. రోడ్డు మీద పోసే తారు దీనినుంచి వచ్చేదే. దీన్నీ డీజిల్‌గా మార్చవచ్చు, కానీ ఇందులోని ఆస్ఫాల్టీన్లు అంత తేలిగ్గా లొంగవు. ఇవి కర్బన వలయాలు పలకల్లా పేరుకున్న భారీ అణువులు. గంధకం, నత్రజని, లోహాలు వీటిని అంటిపెట్టుకుని ఉంటాయి.

ఆ లోహాల పుట్టుక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పత్రహరితం అణువులో ఒక వలయం, దాని నడుమ మెగ్నీషియం ఉంటాయి. ప్రాచీన సముద్రాల నాచు మట్టిలో కూరుకుపోయాక మెగ్నీషియం జారిపోయి, ఆ చోటులో వెనేడియమో నికెలో చేరింది. చమురులో పోర్ఫిరిన్లు అనే ఈ లోహపు వలయాలను 1930లలో గుర్తించినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్. చమురు జీవుల నుంచే పుట్టిందనడానికి అది గట్టి సాక్ష్యమైంది.

రిఫైనరీకి మాత్రం అదే వెనేడియం తలనొప్పి. ఆ నల్ల ముద్దను శుద్ధి చేయడానికి అక్కడ వాడే ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగపరిచే పదార్థం, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు, వాటిలో మాలిబ్డినం, దానికి తోడు కోబాల్టు లేదా నికెల్. గుళిక నిండా కంటికి కనిపించని రంధ్రాలే. ఒక్క గ్రాము గుళికల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు 200 చదరపు మీటర్లు, అంటే 240 గజాల ఇంటి స్థలం! సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వంద వాతావరణాలకు మించిన పీడనంలో హైడ్రోజన్ వచ్చి గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా లాక్కుపోతుంది. విచిత్రమేమిటంటే, గంధకాన్ని తొలగించే ఈ మాలిబ్డినం ముందుగా తానే గంధకంతో కలిసి సల్ఫైడ్‌గా మారాలి. అప్పుడే పని మొదలుపెడుతుంది.

గంధకం వాయువై పోతుంది. లోహం పోదు. రంధ్రాల ముఖద్వారం దగ్గరే పేరుకుని దారి మూసేస్తుంది. గుళిక మీద చేరిన బొగ్గునైతే కాల్చి వదిలించవచ్చు, వెనేడియాన్ని కాల్చలేరు. అందుకే చమురు మొదట వెడల్పు రంధ్రాల గుళికల మీదుగా వెళ్తుంది. లోహాన్ని పట్టుకోవడమే వాటి పని. గంధకం తీసే సన్న రంధ్రాల గుళికలు వాటి వెనకాల ఉంటాయి.

ఇంకో పద్ధతిలో, కిందినుంచి ఎగదన్నే చమురులో గుళికలు తేలియాడుతుంటాయి. రియాక్టరును ఆపకుండానే పాత గుళికలు కొన్ని తీసి కొత్తవి వేస్తారు. విశాఖపట్నం రిఫైనరీలో ఏటా 35.5 లక్షల టన్నుల సామర్థ్యంతో హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) చేపట్టిన యూనిట్ ఈ కోవకు చెందిందే.

అలా బయటపడిన గుళికలను పారేయడం ప్రమాదం, నష్టం కూడా. వాటి నుంచి వెనేడియాన్ని తిరిగి తీసి, ఉక్కును గట్టిపరచడానికి అమ్ముతారు.