శుక్లం, నీటికాసులు రెండూ ఉన్న కంటికి ఏ ఆపరేషన్? అపోహలు - వాస్తవాలు

అపోహ: శుక్లం తీసేస్తే నీటికాసులూ పోతాయి.

ఓపీలో దాదాపు రోజూ వినే మాట ఇది. పూర్తిగా అబద్ధమూ కాదు, అదే చిక్కు. నీటికాసులు (గ్లాకోమా) అంటే సాధారణంగా కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినడం. వాటిలో కంట్లో నీరు బయటికి పోయే కోణం మూసుకుపోయే రకం ఒకటి. లావెక్కిన లెన్స్ కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను (ఐరిస్) ముందుకు నెట్టి ఆ దారిని ఇరుకు చేస్తుంది. అలాంటి కంట్లో లెన్స్ తీస్తే ప్రెషర్ బాగా దిగుతుంది. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఈగల్ అధ్యయనంలో, శుక్లం లేని లెన్స్‌ను తీసినవాళ్లకి కూడా లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం చేసినవాళ్లకంటే మంచి ఫలితమే వచ్చింది. కోణం తెరుచుకునే ఉన్న రకంలో మాత్రం ప్రెషర్ కొన్ని పాయింట్లే తగ్గుతుంది. కాబట్టి ముందు గోనియోస్కోపీ చేశారా అని అడగండి. చుక్కలమందుతో కంటికి మత్తిచ్చి, అద్దాలున్న చిన్న లెన్స్ ఆనించి కోణం చూస్తాం. కొద్ది నిమిషాల పని. అది చూడకుండా మీకు ఏ పద్ధతి నప్పుతుందో నేనైతే చెప్పను.

అపోహ: కొత్తగా వచ్చిన పద్ధతే మంచిది.

ఐస్టెంట్ (నీరు పోయే దారిలో పెట్టే అతి చిన్న గొట్టం), కాహుక్ బ్లేడు (ఆ దారికి అడ్డున్న పొరను కోసి తీసే పరికరం) లాంటివి శుక్లం తీసే కోతలోంచే చేసేయొచ్చు. త్వరగా కోలుకుంటారు, వేసుకునే చుక్కలమందులు తగ్గవచ్చు. వ్యాధి తొలిదశలో ఉంటే బాగుంటాయి. నరం బాగా దెబ్బతిని, ప్రెషర్ 12 పాయింట్ల (mmHg) దగ్గరికి దించాల్సిన కంటికి మాత్రం అవి సాధారణంగా చాలవు. 1968లో కంటి సర్జన్ కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీయే (ట్రాబ్) అక్కడ ఇప్పటికీ దిక్కు. తెల్లగుడ్డులో సన్నటి రేకు లేపి, దాని కింద దారి చేసి, రేకును వదులుగా కుడతాం. నీరు పై పొర కిందికి చేరి, పైరెప్ప చాటున చిన్న బుడగలా నిలుస్తుంది. మచ్చ కట్టి ఆ దారి పూడకుండా మైటోమైసిన్ మందు వాడతాం.

అపోహ: ఫాకో కాకపోతే నాసిరకం ఆపరేషన్.

ఫాకో అంటే శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి సన్న కోతలోంచి పీల్చి తీయడం. రాయిలా గట్టిపడ్డ శుక్లానికి చిన్నకోత ఆపరేషన్ (ఫాకో మెషీన్ లేకుండా, కాస్త పెద్ద కోతలోంచి చేత్తో తీసేది), దాంతోపాటే ట్రాబ్ చేయడం మంచి దారి. ప్రెషర్ అదుపులో ఫాకోకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. ఫాకోతో చూపు కాస్త ముందుగా కుదురుకుంటుంది, అంతే.

అపోహ: రెండూ ఒకేసారి చేశారు, ఇక పనైపోయింది.

ట్రాబ్‌లో సగం పని ఆపరేషన్ తర్వాతే. మొదటి వారాల్లో ప్రెషర్ చూసుకుంటూ ఒక్కో కుట్టు వదులు చేస్తాం, స్టెరాయిడ్ చుక్కలు చాలా వారాలు వేయాలి. ఊరు దూరమని రెండో విజిట్ మానేసేవాళ్లతోనే మాకు టెన్షన్. శుక్లం వల్ల మసకబారిన చూపు తిరిగి వస్తుంది, నరం చెడి పోయిన చూపు రాదు. ఈ సంగతి ఇంటివాళ్లకి ముందే చెప్పాలి, లేకపోతే కట్టు విప్పిన రోజే గొడవ. ఇంకొకటి, ట్రాబ్ అయిన కన్ను ఎన్నేళ్ల తర్వాత ఎర్రబడి పుసి కట్టినా, మెడికల్ షాపు చుక్కలతో సరిపెట్టకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.