ఒకటో నంబరు వెయ్యగానే పాత హీరో కొత్తవాడైపోడు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎనభై ఏళ్ళు దాటిన సూపర్‌హీరోలు ఇంకా కుర్రాళ్ళలాగే ఎలా ఉన్నారని, వాళ్ళ కామిక్ కొన్నేళ్ళకోసారి మళ్ళీ ఒకటో నంబరు నుంచి ఎందుకు మొదలవుతుందని అడిగారు. పైగా పాత హీరో ఒకణ్ణి తీసుకుని మీరే తిరగరాసి చూస్తామంటున్నారు. రెండింటికీ కలిపి రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. రీలాంచ్ అంటే నంబరు మార్చి, రచయితనో చిత్రకారుణ్ణో మార్చి కథను కొత్త చోట ఎత్తుకోవడం. అంతకుముందు జరిగింది జరిగినట్టే ఉంటుంది. రీబూట్ అంటే ఆ జరిగిందే జరగలేదనడం. అట్ట మీద రెండూ ఒకటే, పెద్ద 1 అంకె. లోపలి పని మాత్రం వేరు. ఈ రెంటినీ కలగలిపినప్పుడే కొంప మునుగుతుంది. దాని సంగతి తర్వాత.

బాగా కుదిరిన పని ఒకటి చూడండి. మెరుపు వేగంతో పరిగెత్తే హీరో ఫ్లాష్ 1940లో వచ్చాడు. అసలు పేరు జే గారిక్, తలమీద రెక్కల టోపీ. యుద్ధం అయ్యాక సూపర్‌హీరోల గిరాకీ పడిపోయి 1949లో ఆ పత్రిక ఆగింది. 1956లో డీసీ అనే ప్రచురణ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్జ్ అతన్ని 'షోకేస్' నాలుగో సంచికలో మళ్ళీ తెచ్చాడు. షోకేస్ అనేది వాసన చూసే పత్రిక. కొత్త ఊహ ఏదైనా అందులో వేసి, అమ్ముడైతే దానికి సొంత పత్రిక ఇచ్చేవారు. రాబర్ట్ కానిగర్ రాశాడు, కార్మైన్ ఇన్ఫాంటినో పెన్సిల్ పని చేశాడు. పేరూ వేగమూ ఉంచారు, తక్కినదంతా తీసేశారు. కొత్త మనిషి బారీ అలెన్, పోలీసు శాఖలో శాస్త్రపరీక్షలు చేసేవాడు. టోపీ పోయి ఒంటికి అతుక్కున్న ఎర్ర దుస్తులొచ్చాయి. మరి పాత ఫ్లాష్ ఏమయ్యాడు? బారీ చేతిలో పాత ఫ్లాష్ కామిక్ పెట్టారు! పాతవాడు ఇతను చదివిన బొమ్మల కథ. ఒక్క బొమ్మల గడిలో లెక్క తేలిపోయింది. పాత పాఠకుడికి నమస్కారం పెట్టినట్టూ అయింది, కొత్తవాడికి పాతకథ నేర్పే పనీ తప్పింది.

అదే కథలో ఇంకో చోటు గమనించండి. పిడుగు పడి వేగం వచ్చిన తర్వాత బారీ హోటల్లో కూర్చుని ఉంటాడు. వడ్డించే అమ్మాయి తూలి, పళ్ళెంలోవన్నీ అతని మీదికి వస్తాయి. అవి గాల్లోనే ఆగినట్టు కనబడతాయి, అతను ఒక్కొక్కటీ పట్టి పళ్ళెంలో సర్దేస్తాడు. పరుగే లేదు, వేగం మాత్రం తెలిసిపోయింది. హీరో శక్తిని మొదటిసారి చూపించేటప్పుడు చుట్టూ ఉన్న మామూలు వస్తువు ఏమవుతుందో చూపించాలి. పిడిగుద్దులు తర్వాత ఎప్పుడైనా వెయ్యొచ్చు.

ఆ 'అభిమానే వారసుడు' ఎత్తు 58 ఏళ్ళ తర్వాత కూడా పనిచేసింది. 2014లో మిస్ మార్వెల్ అనే పాత పేరును జెర్సీ సిటీలోని పదహారేళ్ళ కమలా ఖాన్‌కి ఇచ్చారు. రచయిత్రి జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. ఆ పేరు అంతకుముందు మోసిన కారోల్ డాన్వర్స్ అంటే ఈ పిల్లకి ప్రాణం. శక్తి రాగానే మొదట కారోల్ రూపంలోకే మారిపోతుంది, ఆ వేషం తనకు నప్పలేదని తర్వాత తెలుసుకుంటుంది. కొత్తమ్మాయి పాత పేరు ఎందుకు మోస్తోందన్న పాఠకుడి ప్రశ్నే కథకు ఇంధనమయింది. 2015లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో బహుమతి కూడా వచ్చింది.

రెండో దారి 1975లో ఎక్స్-మెన్‌ది, అంటే వింత శక్తులతో పుట్టినవాళ్ళ జట్టుది. 1970 నుంచి ఆ పత్రికలో పాతకథలే తిరిగి అచ్చవుతుండేవి. లెన్ వీన్, డేవ్ కాక్రమ్ ఇద్దరూ పాత జట్టును పక్కన పడెయ్యలేదు, ఆపదలో పడేశారు. వాళ్ళను విడిపించడానికి జట్టు గురువైన ప్రొఫెసర్ దేశదేశాల నుంచి కొత్తవాళ్ళను కూడగడతాడు. స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్ అందులోనే పుట్టారు. పాతవాళ్ళు ఏమయ్యారని పాత పాఠకుడి బెంగ, ఈ కొత్తవాళ్ళెవరని కొత్త పాఠకుడి కుతూహలం. రెండూ ఒకే కథలో తీరాయి.

నన్నడిగితే అన్నిట్లోకీ గొప్ప పని స్వాంప్ థింగ్‌ది. అలెక్ హాలండ్ అనే శాస్త్రవేత్త, ప్రయోగశాల పేలిపోయి మంటల్లో కాలుతూ బురదమడుగులో దూకి, మొక్కల మనిషై లేస్తాడు. మళ్ళీ మనిషి కావాలన్నది అతని ఆరాటం. చిక్కేమిటంటే, అతను మనిషైతే పత్రిక ఆగిపోతుంది, కాడని పాఠకుడికి ముందే తెలుసు. ప్రశ్న చచ్చిపోయిందన్నమాట. 1984లో 21వ సంచికకు అలన్ మూర్ ఒకే ఒక్క మాట మార్చాడు. శవపరీక్షలో తేలేదేమిటి? ఊపిరితిత్తుల్లా ఉన్నవి ఊపిరి పీల్చవు, మెదడులా ఉన్నది ఆలోచించదు. అది మొక్కగా మారిన మనిషి కాదు, తాను మనిషిననుకుంటున్న మొక్క. హాలండ్ ఎప్పుడో చనిపోయాడు. ఇంతకుముందు అచ్చయిన సంచికల్లో ఒక్క సంఘటన కూడా చెరిగిపోలేదు, వాటన్నిటి అర్థం మాత్రం తిరగబడింది. అందుకే తిరగరాసే ముందు, మీ హీరో కథలో చచ్చిపోయిన ప్రశ్న ఏదో వెతకండి.

ఇక కొంప మునిగే సంగతి. 2011లో డీసీ తన సూపర్‌హీరో పత్రికలన్నీ ఆపి, ఒక్కసారిగా 52 పత్రికలను ఒకటో నంబరుతో మొదలెట్టింది. సూపర్‌మ్యాన్‌ది దాదాపు కొత్త కథే, విలేఖరి లోయిస్‌తో పెళ్ళి కూడా జరగనట్టే. కానీ బ్యాట్‌మ్యాన్, గ్రీన్ లాంటర్న్ బాగా అమ్ముడవుతున్నారు కాబట్టి వాళ్ళ కథ చాలావరకు అలాగే ఉంచారు. ఈ కొత్త లోకంలో సూపర్‌హీరోలు వచ్చి సుమారు ఐదేళ్ళేనన్నారు. ఇప్పుడు లెక్క వెయ్యండి: బ్యాట్‌మ్యాన్ పక్కన రాబిన్ అనే కుర్ర సహాయకుడిగా డిక్, జేసన్, టిమ్, డేమియన్ అని నలుగురు పనిచేశారు. ఐదేళ్ళలో నలుగురంటే ఒక్కొక్కరికీ పదిహేను నెలలు. పైగా డేమియన్ అతని సొంత కొడుకు, వయసు పదేళ్ళు! ఏ కథ జరిగింది, ఏది జరగలేదన్నది పాఠకుడికే కాదు, రాసేవాళ్ళకూ తికమకే. 2016లో సంస్థ వెనక్కి తిరిగింది. 904 దగ్గర ఆగిన సూపర్‌మ్యాన్ పత్రిక యాక్షన్ కామిక్స్, మధ్యలో వేసిన 52 సంచికలు కూడా కలుపుకుని 957గా మళ్ళీ నడిచి, 2018లో వెయ్యో సంచికకు చేరింది.

ఒక ఇటుక లాగినా ఇదే గొడవ. 1986లో జాన్ బిర్న్ సూపర్‌మ్యాన్ కథను మొదటి నుంచి చెబుతూ, అతను చిన్నప్పుడు సూపర్‌బాయ్‌గా తిరగనేలేదన్నాడు. కథకు అది మంచి నిర్ణయమే. కానీ 30వ శతాబ్దపు పిల్లల జట్టు లీజియన్ ఒకటుంది, వాళ్ళకు స్ఫూర్తి ఆ సూపర్‌బాయే. వాళ్ళ పునాది కూలింది. ఏడాది తిరక్కుండా, వాళ్ళు కలిసింది వేరే చిన్న లోకంలోని సూపర్‌బాయ్‌నని అతుకు వెయ్యాల్సొచ్చింది. మొత్తం ఉంచినా నష్టం లేదు, మొత్తం తీసేసినా నష్టం లేదు. సగం ఉంచి సగం తీస్తేనే ఇలాంటి అతుకులు.

హీరోలు ముసలివాళ్ళు కాకపోవడం సంగతి చిన్నదే. మార్వెల్ సంస్థ కథల్లో కాలం జారుతూ వస్తుంది, అంటే హీరో మొదలైన ఏడాది కూడా మనతోపాటే ముందుకు జరుగుతుంది. 1963లో ఐరన్ మ్యాన్ గాయపడింది వియత్నాంలో, 2005 నాటి కథలో అది ఆఫ్ఘనిస్తాన్ అయింది. యుద్ధం పేరు మారింది, గుండె దగ్గర దిగిన ఇనుప ముక్క మారలేదు. కెప్టెన్ అమెరికాను అలా జరపడం కుదరదు, అతను రెండో ప్రపంచ యుద్ధానికి కట్టేసిన మనిషి. 1964లో అతన్ని మంచులోంచి బయటికి తీసినప్పుడు నిద్ర ఇరవై ఏళ్ళది. ఇప్పుడు చెబితే ఇంకా ఎన్నో ఏళ్ళది. నిద్రను పొడిగిస్తే చాలు, తక్కిన కథ అలాగే ఉంటుంది.

ఇక మీ పని. కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటిదాంట్లో, తీసేస్తే అతను అతనే కాకుండా పోయేవి రాయాలి. రెండోదాంట్లో ఆనాటి కాలానికి కట్టుబడ్డవి, మూడోదాంట్లో తర్వాత తర్వాత వచ్చి చేరినవి. స్పైడర్‌మ్యాన్‌తో చేసి చూద్దాం. 1962లో అతన్ని కుట్టింది అణుధార్మిక సాలీడు, అప్పుడు అందరి భయమూ అణువే. 2000లో 'అల్టిమేట్' పేరుతో తిరగరాసినప్పుడు అది జన్యువులు మార్చిన సాలీడయింది. పత్రికకు ఫొటోలు అమ్మే కుర్రాడు ఆ పత్రిక వెబ్‌సైటులో పనికి కుదిరాడు. రెండూ రెండో గడిలోవే, సులువుగా మారాయి. మరి మొదటి గడిలో ఏముంది? బాబాయి బెన్ చావు అంటారు అందరూ. కానీ 2024లో జొనాథన్ హిక్‌మన్, మార్కో కెకెట్టో తెచ్చిన కథలో స్పైడర్‌మ్యాన్ అయ్యే పీటర్‌కి ముప్పై దాటింది, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు, బెన్ బతికే ఉన్నాడు. అయినా అది స్పైడర్‌మ్యానే. చెయ్యగలిగీ చెయ్యకపోతే ఊరుకోలేని మనసొక్కటే మొదటి గడిలో మిగిలింది. మీరూ మొదటి గడిలో మూడు వాక్యాలు దాటనివ్వకండి. పది వచ్చాయంటే వాటిలో ఏడు రెండు, మూడు గడుల సరుకే.

నడక సంగతి. 1962లో స్పైడర్‌మ్యాన్ పుట్టుక మొత్తం 11 పేజీల్లో అయిపోయింది. 2000లో అదే కథ ఏడు సంచికలు పట్టింది. ఇప్పటి కథల్లో గడులు తక్కువ, మాటలు తక్కువ, ముఖాలకు చోటు ఎక్కువ. కలిపి చదివేవాడికి అది హాయి. నెలకొక సంచిక కొనేవాడు మాత్రం ఇరవై పేజీలకు డబ్బిచ్చి, హీరో ముసుగు కూడా వేసుకోలేదని గొణుక్కుంటాడు. కాబట్టి ముగింపు ఎంత దూరంలో ఉన్నా, ప్రతి సంచికలో ఒక పని పూర్తి కావాలి. మొదటి ఐదు పేజీల్లో మూడు తెలిసిపోవాలి: ఎవరు, ఏం కావాలి, ఏం అడ్డు. మాటలు ఆరు గడుల పేజీకి 210 దాటొద్దని పాత సంపాదకుల లెక్క. అది ఇంగ్లీషు మాటలకు. మన మాటలు పొడుగు కాబట్టి ఇంకా తగ్గించుకోండి. "నీకు తెలుసుగా, పదేళ్ళ క్రితం..." అని ఒక పాత్ర ఇంకో పాత్రకు గతం చెప్పడం మొదలెట్టిందా, ఆ బుడగ కొట్టెయ్యండి.

బొమ్మను అచ్చు కొలతకు ఒకటిన్నర రెట్లు గీస్తారు. మామూలుగా 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు అట్ట మీద. అచ్చులో పేజీ సుమారు ఆరున్నర, పదింబావు అంగుళాలకు దిగుతుంది. అంచు దాకా పోయే బొమ్మను, పేజీ కత్తిరించే గీత (కోత)కు అవతల అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా గీయాలి. మాటల బుడగ కోత దరిదాపుల్లో ఉండకూడదు, అక్షరం తెగిపోతుంది. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 22 పేజీల కథ రాసుకుంటే మిగిలిన రెండింటితో ఏం చేస్తారో ముందే అనుకోండి.

పాతకథలనే కొత్తగా అచ్చువేసేటప్పుడు అందరూ బోల్తా పడేది రంగుల దగ్గర. అప్పట్లో నలుపు కాక నీలం, గులాబీ, పసుపు మూడే సిరాలు. ఒక్కో సిరా నాలుగు మోతాదుల్లో: అసలు లేకుండా, 25 శాతం, 50, 100. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. అంతకుమించి రంగులు లేవు. అచ్చయ్యేదేమో సిరా పీల్చేసే మట్టిరంగు పేపరు మీద. ఆ మోతాదులే తెల్లటి నున్నటి కాగితం మీద వేస్తే కళ్ళు జిగేల్మంటాయి. మోతాదు తగ్గించాలి, లేదా మెరుపు లేని కాగితం వాడాలి. ఇంకో తప్పు, కంప్యూటర్లో వెలుగునీడలు దిద్దడం. ఇంకర్, అంటే పెన్సిల్ బొమ్మ మీద సిరా దిద్దేవాడు, అప్పటికే నలుపుతో నీడ వేసి ఉంచాడు, దానిమీద ఇంకో నీడ పడితే ముఖం ఉబ్బిన బొమ్మలా తయారవుతుంది. సూపర్‌మ్యాన్ నల్లజుట్టులో నీలం కనబడుతుందే, అది నీలం జుట్టు కాదు, నలుపు మీద మెరుపు. అది తెలియక జుట్టంతా నీలం పూసేవాళ్ళూ ఉన్నారు.

ఒకటో నంబరు మోజు వెనక డబ్బుంది. ఆ అంకె చూసి దాచుకునేవాళ్ళు కొంటారు, ఒకే సంచికకు పది రకాల అట్టలు వేస్తే పదీ కొంటారు. అమెరికాలో కామిక్ దుకాణాలవాళ్ళు మామూలుగా అమ్ముడుపోని ప్రతులు తిరిగివ్వలేరు, పైగా నెలల ముందే ఆర్డరు పెట్టాలి. ఒకటో సంచిక ఎలా పోయిందో తెలిసేలోపు రెండోదానికి, ఒక్కోసారి మూడోదానికి కూడా ఆర్డరు వెళ్ళిపోతుంది. భయం కొద్దీ తగ్గించి పెడతారు. అందుకే రెండో సంచిక దగ్గర ఆర్డర్లు తగ్గిపోతాయి. మొదటిదాని అమ్మకం చూసి సంబరపడేవాడికి ఈ లెక్క తెలియదన్నట్టే.

చివరగా పేర్లు. ఫాసెట్ అనే వేరే సంస్థ వేసిన 1940 నాటి కెప్టెన్ మార్వెల్ దావాల వల్ల 1953లో ఆగిపోయాడు. ఆ పేరు ఖాళీగా ఉండగా 1967లో మార్వెల్ తన హీరోకి పెట్టుకుంది. 1973లో పాతవాణ్ణి డీసీ మళ్ళీ తెచ్చినప్పుడు అట్ట మీద ఆ పేరు వేసుకోలేక, అతను పలికే మంత్రం 'షజామ్'నే పత్రిక పేరు చేసింది. ఇక సూపర్‌మ్యాన్ మొదటి కథ 1938ది. అమెరికాలో 95 ఏళ్ళ హక్కు తీరి, 2034 జనవరి 1న అందరిదీ అవుతుంది. అయితే ఆ కథలో ఉన్నంత మేరకే. అందులో అతను ఎగరడు, గెంతుతాడు. అతన్ని నీరసపరిచే క్రిప్టోనైట్ రాయి లేదు. పేరు మీదా గుర్తు మీదా ట్రేడ్‌మార్కు అప్పటికీ ఉంటుంది. సాధన కోసం ఎవరి కథైనా తిరగరాసుకోండి, బయటపెట్టేది మాత్రం మీ సొంత పేరుతో, సొంత గుర్తుతో.

ఆ మూడు గడుల కాగితం ముందు పంపండి. బొమ్మలు తర్వాత చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య