రాజధాని వస్తే ప్రాంతమంతా బాగుపడినట్టేనా? అపోహలు - వాస్తవాలు

బ్యాంకులకు భూముల వాల్యుయేషన్ రిపోర్టులు రాయడం నా పని. అమరావతి వైపు ఎప్పుడు వెళ్లినా ముందు అడిగేది ఒకటే, "గజం ఎంత పలుకుతోందండీ?" ప్రాంతం బాగుపడిందో లేదో ఆ ఒక్క లెక్కతోనే తేల్చేస్తుంటారు.

అపోహ: గజం రేటు పెరిగితే ఊరి ఆదాయం పెరిగినట్టే.
వాస్తవం: కాదు. డబ్బు చేతులు మారిందంతే. అమ్మినాయన ఆ డబ్బుతో పల్నాడులో పొలం కొంటే రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు బజారుకు ఒరిగేదేమీ లేదు.

అపోహ: రైతులకు ప్యాకేజీ ఇచ్చారు కదా, ఇక నష్టపోయిందెవరు?
వాస్తవం: ల్యాండ్ పూలింగులో, అంటే రాజధానికి రైతుల దగ్గర భూమి తీసుకున్న పథకంలో, ఎకరం మెట్టకు 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు, ఏటి ఒడ్డున నీటి వసతి ఉన్న జరీబు నేలకైతే వాణిజ్య స్థలం 450 గజాలు. వీటితో పాటు పదేళ్ల పాటు కౌలు: మొదటి ఏడాది మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఆపైన ఏటా మెట్టకు 3 వేలు, జరీబుకు 5 వేల పెంపు. ఇదంతా భూమి సొంతదారుకు. కానీ కృష్ణ ఒడ్డు జరీబు నేలంటే పూలు, కూరగాయలు, అరటి, ఏడాది పొడవునా పని. దాన్ని కౌలుకు చేసుకున్నవాళ్లు, పూలు కోసే ఆడవాళ్లు, బుట్టలు మార్కెట్‌కు తోలే ఆటోవాళ్లు, ఎరువుల కొట్టువాళ్లు... భూమిలేని కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 పింఛను పెట్టారు, నిజమే, అది ఎన్ని రోజుల కూలితో సమానమో మీరే లెక్కేసుకోండి. నా ఫారంలో మాత్రం ఈ మనుషులకు గడే లేదు.

అపోహ: ఉద్యోగులొస్తే జీతాలన్నీ ఇక్కడే ఖర్చవుతాయి.
వాస్తవం: 2016లో వెలగపూడికి సచివాలయం వచ్చినప్పుడు ఐదు రోజుల పనివారం ఇచ్చారు, చాలామంది శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ రైలెక్కేవారు. జీతం ఇక్కడ, పిల్లల ఫీజులూ నెలసరి సామాన్లూ అక్కడ. గాంధీనగర్ చూడండి, 1970లో గుజరాత్ రాజధాని అక్కడికి మారింది, వ్యాపారం మాత్రం అహ్మదాబాద్‌లోనే ఉండిపోయింది. మన దగ్గరా హోల్‌సేల్ అంతా విజయవాడ వన్‌టౌన్ దాటి రావడానికి టైం పడుతుంది.

అపోహ: పనులు మొదలైతే చాలు, ఉపాధికి ఢోకా లేదు.
వాస్తవం: పనులున్నంతవరకే. తుళ్లూరులో ఒకాయన లోను తీసి మూడంతస్తులు వేశారు, పై రెండూ ఇంజనీర్ల కోసం గదులు చేసి గదికో కరెంటు మీటరు పెట్టారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, ఇక్కడి పనులు ఆగిపోయాయి. 2021 వేసవిలో నేను వెళ్లేసరికి ఆ గదుల్లో వడియాలు ఆరబోసి ఉన్నాయి, ఒక్క మీటరూ తిరగడం లేదు, కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి కదా, ఈమధ్య ఆయనే ఫోన్ చేసి ఇంకో అంతస్తుకు లోను వస్తుందా అని అడిగారు. గదుల్లో ఎవరుంటున్నారండీ అన్నాను. కాంట్రాక్టు కంపెనీ కుర్రాళ్లట.